స్వర సందేహాలు: ఒకే వాద్యం, వేరువేరు పనులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య వాద్యబృందాల్లో ఏ వాద్యం ఏ పని చేస్తుందన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రా అనగానే వినాయక చవితి పందిట్లోనో, పెళ్లి రిసెప్షన్‌లోనో కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులతో సినిమా పాటలు వినిపించే బృందం గుర్తుకు వస్తుంది. ఇక్కడ మాత్రం ఆ మాటను ఎనభై నుంచి వందమంది వరకు కూర్చుని వాయించే సింఫనీ ఆర్కెస్ట్రా అనే అర్థంలోనే వాడుతున్నాను.

ప్రశ్న: సింఫనీ కచేరీల వీడియోలు చూస్తుంటాను. ముప్పైమంది కూర్చుని వయొలిన్ వాయించవలసిన అవసరం ఏమిటి? మన కచేరీలో ఒక్క వయొలిన్ సరిపోతోంది కదా. శబ్దం పెంచడానికే అయితే మైకు పెట్టుకోవచ్చు కదా. – ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: ఆ ముప్పైమందీ ఒకే వరసను వాయించరు. పెద్ద ఆర్కెస్ట్రాలో సాధారణంగా మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయొలిన్ తరహాలోనే అంతకంతకూ పెద్దవైన వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బేస్‌లు 8 ఉంటాయి. మొదటి వయొలిన్ల వారికి ఒక వరస, రెండో వయొలిన్ల వారికి మరొక వరస రాసి ఉంటుంది. అయినా పదహారుమంది ఒకే స్వరాన్ని ఒకేసారి వాయిస్తున్నారన్నది నిజమే కాబట్టి మీ ప్రశ్న అలాగే నిలుస్తుంది.

శబ్దం కోసమే అయితే ఇది చాలా ఖరీదైన పద్ధతి. పదహారు వయొలిన్లు ఒక వయొలిన్ కంటే పదహారు రెట్లు గట్టిగా వినిపించవు. లెక్క ప్రకారం పెరిగేది సుమారు 12 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే మన చెవికి శబ్దం దాదాపు రెట్టింపు అయినట్టు అనిపిస్తుంది. అంటే పదహారుమంది కలిసి వాయించినా మనకు వినిపించేది రెండు రెట్లకు కాస్త పైన మాత్రమే. ఒక్క ట్రంపెట్ గట్టిగా ఊదితే ఆ పదహారుమందినీ మించిపోగలదు. ట్రంపెట్లు రెండో మూడో చాలడానికి, వయొలిన్లు ముప్పై కావలసిరావడానికి ఇదొక కారణం. దీనికంటే పెద్ద కారణం మరొకటి ఉంది.

పదహారుమంది ఒకే స్వరం పట్టినప్పుడు ఏ ఇద్దరి శ్రుతీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవదు, ఏ ఇద్దరి వేలి కంపనమూ ఒకే వేగంతో ఉండదు. ఆ చిన్న చిన్న తేడాలన్నీ ఒకదానిలో ఒకటి కరిగిపోయి, ఒక్క వయొలిన్‌కు ఎప్పటికీ రాని మెత్తదనం పుడుతుంది. అందులో ఏ ఒక్కరి గొంతూ విడిగా వినపడదు. సాయంత్రం హారతి వేళ గుడిలో యాభైమంది కలిసి పాడినప్పుడు వచ్చే నాదానికీ, మైకులో ఒక్కరు పాడిన పాటకూ ఉన్న తేడా ఇలాంటిదే. మైకు ఒక్కరి స్వరాన్ని పెద్దది చేయగలదు కానీ పదహారుమంది స్వరంగా మార్చలేదు.

ఇంకొక చిన్న సంగతి వీడియోలో మీరే గమనించవచ్చు. వయొలిన్ల వారు ఇద్దరికి ఒక స్టాండు చొప్పున కూర్చుంటారు. పేజీ చివరికి వచ్చేసరికి లోపలి వైపు కూర్చున్నవారు కమాను ఎత్తి, చేయి చాచి పేజీ తిప్పుతారు, బయటి వైపువారు ఆపకుండా వాయిస్తూనే ఉంటారు. ఆ క్షణంలో విభాగంలో సగంమంది ఆగిపోయినా సభలో వింటున్నవారికి ఆ సంగతి తెలియదు. అందరి కమానులూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదలడం కూడా యాదృచ్ఛికం కాదు. ఏ స్వరాన్ని ఏ దిశలో లాగాలో మొదటి వయొలిన్ల నాయకస్థానంలో ఉన్నవారు ముందే గుర్తులు పెట్టి ఇస్తారు.

మన కచేరీలో వయొలిన్ పని పూర్తిగా వేరు. బాలుస్వామి దీక్షితులు (1786–1859) వంటివారు ఈ వాద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినప్పటి నుంచి అది గాయకుడిని నీడలా అనుసరిస్తోంది. గాయకుడు తదుపరి క్షణంలో వేయబోయే గమకం ముందుగా ఎక్కడా రాసి ఉండదు, దాన్ని విన్న మరుక్షణమే వయొలిన్ అందుకోవాలి. ఆ పని పదహారుమంది కలిసి చేయలేరు. అక్కడ కావలసింది ఒక్క చెవి, ఒక్క చేయి. వాద్యం ఒకటే అయినా పక్కన కూర్చున్నవారు మారగానే దాని పని మారిపోయింది. ఈ నెల జవాబులన్నింటిలోనూ ఈ సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ప్రశ్న: కచేరీ మొదలయ్యే ముందు ఒక్కరు లేచి స్వరం ఇస్తే మిగతావారు శ్రుతి చేసుకుంటారు. ఆ స్వరం ఇచ్చే వాద్యం ఏది? – ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: లేచి నిలబడేవారు మొదటి వయొలిన్ల నాయకులు, స్వరం ఇచ్చేది మాత్రం మధ్యలో కూర్చున్న ఓబో. సెకనుకు 440 కంపనాల 'ఏ' అనే స్వరాన్ని అది పట్టి ఉంచుతుంది. యూరప్‌లోని కొన్ని ఆర్కెస్ట్రాలు 442 వరకు వెళ్తాయి. ఊదుడు వాద్యాల్లో ముందుగా, 17వ శతాబ్దంలోనే, ఆర్కెస్ట్రాలో స్థిరపడినది ఓబో. దాని నాదం సన్నగా, సూటిగా ఉండి ఎంత సందడిలోనైనా విడిగా వినిపిస్తుంది. వేదిక మీద పియానో ఉన్న రోజున మాత్రం అందరూ దాని శ్రుతికే రావాలి, పియానోను అప్పటికప్పుడు మార్చడం కుదరదు కదా.

ఓబో మన సన్నాయికి దగ్గరి చుట్టం. రెండింటికీ జంట పీకే ప్రాణం. ఓబో వాయించేవారిలో చాలామంది ఒక జాతి రెల్లును తెచ్చి, కత్తితో తామే చెక్కి పీకలు తయారుచేసుకుంటారు. ఆ పీక సందు ఎంత ఇరుకైనదంటే, ఊదేవారికి ఊపిరి చాలకపోవడం కంటే, లోపల మిగిలిపోయిన పాత గాలిని వదలలేకపోవడమే పెద్ద ఇబ్బంది. మన దగ్గర తంబురా కచేరీ పొడవునా శ్రుతిని వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ ఆ స్వరం ఒక్కసారి మోగి ఆగిపోతుంది, ఆ తరువాత దాన్ని ప్రతి ఒక్కరూ తమ చెవిలోనే మోసుకుపోవాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. నాలుగేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. పిల్లల బృందంలో మొదట రెండో వయొలిన్లలో కూర్చోబెట్టారు, ఇప్పుడు వయోలాకు మారమంటున్నారు. తనను వెనక్కి నెట్టేస్తున్నారని ఇంటికి వచ్చి ఏడ్చింది. నాకూ మనసు చివుక్కుమంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి, మారేడుపల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి బాధ నాకు అర్థమవుతోంది. రెండో వయొలిన్ అన్న పేరే ఆ పొరపాటుకు కారణం. అది రెండో తరగతి అనే అర్థంలో పెట్టిన పేరు కాదు. మొదటి వయొలిన్లు ఎక్కువసార్లు పై స్థాయిలో పాటను మోస్తాయి, రెండో వయొలిన్లూ వయోలాలూ లోపలి వరసలను మోస్తాయి. వయోలా వయొలిన్ కంటే కాస్త పెద్దది, దాని తంత్రులు వయొలిన్ కంటే అయిదు స్వరాలు కిందికి, అంటే మన మాటలో షడ్జ పంచమాల దూరంలో ఉంటాయి. ఒళ్లు పెద్దది కాబట్టి గొంతు కూడా కాస్త బొంగురుగా, నిండుగా ఉంటుంది.

లోపలి వరస అంటే ఏమిటో ఇంట్లోనే చూపించవచ్చు. కీబోర్డు ఉంటే షడ్జమాన్నీ పంచమాన్నీ కలిపి నొక్కండి. ఆ రెండే వింటే అది సంతోషమో విచారమో తేల్చి చెప్పలేరు. ఇప్పుడు మధ్యలో శంకరాభరణంలోని గాంధారం చేర్చండి, వెంటనే ఇంట్లో దీపం వెలిగినట్టు ఉంటుంది. దాన్ని తీసి ఖరహరప్రియలోని గాంధారం పెట్టండి, అంతా ఒక్కసారిగా నీడలోకి వెళ్లిపోతుంది. పై స్వరమూ మారలేదు, కింది స్వరమూ మారలేదు. మారింది మధ్య స్వరం ఒక్కటే. పాశ్చాత్య సంగీతంలో ఆ మధ్య స్వరం తరచుగా రెండో వయొలిన్లకో వయోలాలకో దక్కుతుంది. అది ఒక్క వెంట్రుకవాసి తప్పినా పైన పాడుతున్న మొదటి వయొలిన్లు ఎంత బాగా వాయించినా ప్రయోజనం ఉండదు.

మీ అమ్మాయికి ఇంకొక సంగతి చెప్పండి. బీథోవెన్ యువకుడిగా బాన్ నగరపు ఆస్థాన ఆర్కెస్ట్రాలో వయోలా వాయించాడు. మోట్సార్ట్ నలుగురు కూర్చుని వాయించే చోట వయోలానే ఇష్టంగా అందుకునేవాడు. ద్వోర్జాక్ ప్రాగ్‌లోని నాటకశాల ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి వయోలా వాయించాకే స్వరకర్తగా పేరు తెచ్చుకున్నాడు. ఇది కాకతాళీయమని నేను అనుకోను. మధ్యలో కూర్చున్నవారికి పైనున్న పాటా కిందనున్న ఆధారమూ రెండూ సమానంగా వినిపిస్తాయి. సంగీతం ఎలా కట్టుబడుతుందో అక్కడి నుంచి తెలిసినంతగా మరెక్కడి నుంచీ తెలియదు.

ఇంత చెప్పినా, బలవంతం చేయవద్దనే నా సలహా. కొందరు పిల్లలు ఆ పై స్థాయి మెరుపు కోసమే వయొలిన్ పడతారు, వారికి అది దూరమైతే వాద్యం మీదే మనసు విరిగిపోతుంది. ఒక మూడు నెలలు వయోలా ప్రయత్నించి చూస్తామనీ, నచ్చకపోతే తిరిగి వయొలిన్‌కు వస్తామనీ గురువుగారితో ముందే స్పష్టంగా మాట్లాడుకోండి. మీ అమ్మాయి చేతికి సరిపోయే చిన్న సైజు వయోలా ఇప్పించండి, పెద్దవారి వయోలా ఆ వయసులో భుజానికి భారం. ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే స్వరలిపి గుర్తు కూడా మారుతుంది కాబట్టి మొదటి కొన్ని వారాలు చదవడంలో తడబాటు ఉంటుంది. ఆ తడబాటును చూసి తనకు రాదని నిర్ణయించుకోకండి.

ప్రశ్న: ట్రాంబోన్ వారు, తాళాల వారు చాలాసేపు ఖాళీగా కూర్చుంటారు. వారి అవసరం నిజంగా అంతుందా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఉంది. బీథోవెన్ అయిదో సింఫనీలో, 1808లో వియన్నాలో మొదటిసారి వినిపించినప్పటి నుంచీ, మూడు ట్రాంబోన్లు మొదటి మూడు భాగాలూ మౌనంగా కూర్చుని నాలుగో భాగంతోనే అందుకుంటాయి. అంతవరకు వాటిని దాచి ఉంచినందువల్లనే ఆ ప్రవేశం గది గోడలు వెనక్కి జరిగినట్టు అనిపిస్తుంది. ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ మొత్తం మీద కంచు తాళాలు మోగేది ఒకే ఒక్కసారి, అది కూడా మెల్లగా. వాయించేవారు వందలకొద్దీ గతులను, అంటే పాశ్చాత్య స్వరలిపిలో 'బార్' అనే తాళ విభాగాలను, మనసులో లెక్కపెట్టుకుంటూ, తాళాలు ఒళ్లో పెట్టుకుని, ఆ ఒక్క క్షణం కోసం కూర్చోవాలి. దాన్ని ఖాళీగా కూర్చోవడం అనలేం.

ప్రశ్న: ఈమధ్య మొదటిసారి జాజ్ కచేరీకి వెళ్లాను. అయిదుగురు ఉన్నారు. కాగితాల వైపు దాదాపు చూడలేదు, నాయకుడూ లేడు. శాక్సోఫోన్, ట్రంపెట్ సంగతి అర్థమైంది. బేస్ అతను ఏం చేస్తున్నాడో, పియానో అతను ఎందుకు అప్పుడొకటి అప్పుడొకటి మాత్రమే వాయించాడో, ఎవరి వంతు ఎప్పుడో వారికి ఎలా తెలుస్తుందో అర్థం కాలేదు. – ఒక పాఠకురాలు, హిమాయత్‌నగర్

జవాబు: ముందు చివరి సందేహంతో మొదలుపెడతాను, అది తేలితే మిగతావి సులువుగా తేలతాయి. మన తాళంలో ఆవర్తనం ఉన్నట్టే జాజ్‌లోనూ ఒక చక్రం ఉంటుంది. ఎక్కువ పాటలు 32 గతుల చక్రంలోనో, బ్లూస్ అయితే 12 గతుల చక్రంలోనో నడుస్తాయి. మన ఆవర్తనంలో లెక్క మాత్రమే తిరుగుతుంది, అక్కడ లెక్కతో పాటు స్వరాల గుచ్ఛాలు కూడా, అంటే కార్డ్‌లు కూడా, అదే క్రమంలో తిరుగుతుంటాయి. మొదట అందరూ పాటను ఒకసారి వాయిస్తారు. ఆ తరువాత ఒక్కొక్కరు ఆ చక్రం మీదే మనోధర్మంతో కల్పించుకుంటూ వాయిస్తారు. చక్రంలో ఎక్కడున్నామో అందరి మనసులోనూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి వంతు మారడానికి ఒక చూపు చాలు. మళ్లీ పాటకు వచ్చేద్దామనుకుంటే తల మీద వేలితో తట్టి చూపించడం వారిలో వాడుక. డ్రమ్స్ వారితో నాలుగేసి గతులు పంచుకుంటూ సవాలు జవాబుగా వాయించే ఘట్టం మీరు చూసే ఉంటారు, అది మన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వారి సంభాషణకు ఎంతో దగ్గర.

ఇక బేస్. చాలా ఏళ్ల క్రితం సికింద్రాబాద్‌లో ఒక చిన్న గదిలో పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురి సాధన విన్నాను. ఫ్యాను సరిగా తిరగని మధ్యాహ్నం అది. బేస్ వాయిస్తున్న పెద్దాయన చెమటకు జారుతున్న వేళ్లను తుడుచుకోవడానికి, మిగతావారికి చెప్పకుండానే చేయి తీసి జేబులోంచి రుమాలు అందుకున్నాడు. పియానో ఆయన అంతకు ముందు వాయిస్తున్న కార్డ్‌లనే వాయిస్తున్నాడు, తాళం తాళంలాగే ఉంది. కానీ ఆ నాలుగైదు గతుల పాటు ఇల్లు పునాది మీద నుంచి లేచి గాలిలో ఆగినట్టు అనిపించింది. పియానో ఆయన అప్రయత్నంగా తలెత్తి చూశాడు. రుమాలు జేబులో పెట్టుకుని ఆయన తిరిగి మొదటి తీగ మీటగానే అన్నీ వాటి చోట్లకు వచ్చి కూర్చున్నాయి. అంతసేపూ నేను ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బేస్ చేసే పని రెండు రకాలది. గతికి నాలుగు దెబ్బల చొప్పున ఆగకుండా నడుస్తూ కాలాన్ని మోస్తుంది. అదే సమయంలో ప్రతి కార్డ్‌కూ ఆధారస్వరం ఏదో చెబుతూ, ఒక కార్డ్ నుంచి మరొక దానికి మెట్లు కడుతుంది. ఆర్కెస్ట్రాలోని డబుల్ బేస్ కూడా ఇదే వాద్యం. అక్కడ ఎనిమిదిమంది ఉంటారు, ఎక్కువగా కమానుతో లాగుతారు, చాలాచోట్ల చెల్లోలు వాయించిన వరసనే ఒక స్థాయి కింద నీడలా మోస్తారు. వాయించవలసిన ప్రతి స్వరమూ కాగితం మీద ఉంటుంది. జాజ్‌లో ఒక్కరే ఉంటారు, వేళ్లతో మీటుతారు, తరువాతి స్వరం ఏదో ఆయనే అప్పటికప్పుడు నిర్ణయిస్తాడు.

పియానో ఆయన తక్కువ వాయించడం కూడా ఇందువల్లనే. ఆధారస్వరం బేస్ దగ్గర ఉంది కాబట్టి అతను తరచుగా దాన్ని వదిలేసి, కార్డ్‌కు రంగు ఇచ్చే మూడు నాలుగు స్వరాలను మాత్రమే, అది కూడా శాక్సోఫోన్ వాక్యాల మధ్య ఖాళీల్లో అందిస్తాడు. మన పక్కవాద్య సంప్రదాయం తెలిసినవారికి ఈ మర్యాద కొత్త కాదు. జాజ్ బృంద నాయకుడు కౌంట్ బేసీ దగ్గర గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో కన్నుమూసే వరకు, యాభై ఏళ్లపాటు, దాదాపు ఎప్పుడూ సోలో తీసుకోకుండా గతికి నాలుగు దెబ్బలు వాయించాడు. ఆ బృందపు నడక ఆయన చేతిలో ఉండేదని తోటివారే చెప్పేవారు.

డ్రమ్స్ వారి కుడిచేతి కింద మోగే పెద్ద కంచు పళ్లాన్ని ఈసారి గమనించండి. కాలం నడిచేది ఆ పళ్లెం మీదే. ఎడమ కాలితో రెండు, నాలుగు దెబ్బలకు చిన్న తాళాల జతను మూస్తారు. పూర్వం కాలమంతా కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము మీద నడిచేది. 1940ల నాటికి కెన్నీ క్లార్క్ అనే డ్రమ్మర్ దాన్ని పళ్లెం మీదికి మార్చడంతో కింద భారం తగ్గి, మిగతా చేయీ కాళ్లూ సంభాషణకు ఖాళీ అయ్యాయి. ఆ నడకలో ఉండే ఊపును మన మాటలో చెప్పాలంటే తిశ్రంలో మధ్య అక్షరం వదిలేసినట్టు ఉంటుంది. వేగం పెరిగే కొద్దీ అది చతురశ్రం వైపు జరుగుతుంది.

అయిదుగురు కాక పదిహేడుమంది ఉండే పెద్ద జాజ్ బృందంలో మళ్లీ కాగితాలు ఎక్కువవుతాయి. అక్కడ అయిదు శాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు ఆర్కెస్ట్రా విభాగాల్లాగా ఒక్క గొంతుతో పలకాలి. అయినా తేడా ఉంది. డ్యూక్ ఎలింగ్టన్ తన బృందానికి రాసేటప్పుడు కాగితం మీద వాద్యం పేరుకు బదులు తరచుగా ఆ మనిషి పేరే రాసేవాడు. హ్యారీ కార్నీ 1927 నుంచి 1974 వరకు ఆయన దగ్గర బారిటోన్ శాక్సోఫోన్ వాయించాడు. ఆ వరస బారిటోన్ శాక్సోఫోన్‌కు అని కాక, కార్నీ కోసం రాసినది. సింఫనీ రాసినవారు తమకు వందేళ్ల తరువాత వాయించబోయేవారిని ఎరుగరు కాబట్టి వాద్యానికే రాయవలసి వచ్చింది.

ప్రశ్న: మా నాన్న పెళ్లి బ్యాండులో యూఫోనియం వాయిస్తారు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సింఫనీ ఆర్కెస్ట్రాలో ఈ వాద్యం ఎక్కడా కనిపించడం లేదు. మేం నేర్చుకున్నదానికి అక్కడ చోటు లేనట్టేనా? – ఒక యువకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ ఉత్తరం నాకు ఎంతో నచ్చింది. నిజమే, మీటలున్న ఇత్తడి ఊదుడు వాద్యమైన యూఫోనియానికి ఆర్కెస్ట్రాలో శాశ్వతమైన కుర్చీ లేదు, కొన్ని కృతుల్లో మాత్రమే పిలుస్తారు. శాక్సోఫోన్‌కు కూడా అంతే. జాజ్‌లో రాజ్యమేలే ఆ వాద్యం ఆర్కెస్ట్రాలో అప్పుడప్పుడూ వచ్చిపోయే అతిథి. చోటు లేకపోవడానికి కారణం వాద్యం తక్కువదని కాదు. యూఫోనియం చేయగలిగిన పని, అంటే మధ్యస్థాయిలో నిండుగా పాడటం, అక్కడ చెల్లోలు, బసూన్లు, హార్న్‌లు అప్పటికే పంచుకున్నాయి. తంత్రులు లేని మిలిటరీ బ్యాండుల్లో, బ్రాస్ బ్యాండుల్లో చెల్లో స్థానం యూఫోనియానిదే.

మీ బ్యాండులో క్లారినెట్, ట్రంపెట్ పాటను ఎత్తుకుంటే, పల్లవి చివర వారు ఊపిరి తీసుకునే చోట మీ నాన్నగారు కింద నుంచి ఒక వరసను అల్లి చరణానికి అందిస్తుంటారు. బారాత్‌లో ముందు నడిచేవారు డోలు దెబ్బను, ట్రంపెట్‌ను మాత్రమే వింటారు కానీ, ఆ వరస తీసేస్తే పాట రెండు ముక్కలవుతుంది. మీరు ఆర్కెస్ట్రా వైపు వెళ్లాలనుకుంటే దగ్గరి దారి ట్రాంబోన్. దాని గొట్టం పొడవు మీ వాద్యం అంతే, సుమారు తొమ్మిది అడుగులు. స్థాయీ అదే, పెదవుల పట్టు కూడా చాలావరకు అదే. మీటలకు బదులు జారుడు గొట్టం అలవాటు కావడానికి కొంతకాలం పడుతుంది. కింది స్థాయి స్వరలిపి చదవడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. సాధనకు కొత్త పాఠాలు వెతకనక్కరలేదు. మీ నాన్నగారు పల్లవికీ చరణానికీ మధ్య వాయించే ఆ వరసలు ఒక పది ఎంచుకుని, ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటి ఆయన చేత నెమ్మదిగా వాయింపించుకుంటూ స్వరలిపిలో రాసుకోండి. రాసినవి నాకు పంపితే చూసి తప్పొప్పులు గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.